షుగరు మాత్ర, గ్యాస్ మాత్ర, ఆస్పిరిన్: క్యాన్సర్ మీద వీటి ప్రభావం గురించి ఏ పేపరు నమ్మాలి?

దోసె_డేటా
మెట్‌ఫార్మిన్ వాడే షుగరు పేషెంట్లకు క్యాన్సర్ తక్కువ వస్తోందని, వచ్చినా ఎక్కువ కాలం బతుకుతున్నారని 2005 నుంచి పేపర్ల మీద పేపర్లు. అదే మాత్రను షుగరు లేని రొమ్ము క్యాన్సర్ పేషెంట్ల మీద ఎంఏ.32 ట్రయల్‌లో పరీక్షించారు. మొత్తం 3,649 మంది. సగం మందికి మాత్ర, సగం మందికి ఉత్తుత్తి మాత్ర, 850 ఎంజీ రోజుకు రెండుసార్లు, అయిదేళ్లు. 2022లో ఫలితం వచ్చింది: ప్రధాన విశ్లేషణలో హజార్డ్ రేషియో (రెండు గుంపుల ప్రమాదాల నిష్పత్తి, 1 అంటే తేడా లేనట్టు) 1.01. గుండు సున్నా.

నా గొడవ ట్రయల్ ఫెయిలైందని కాదు. అన్ని పేపర్లూ ఒకే వైపు ఎలా తప్పాయి? పొరపాటున తప్పితే అటు కొన్ని, ఇటు కొన్ని ఉండాలి కదా. అన్నీ మందు వైపే మొగ్గాయంటే తక్కెడలోనే ఏదో ఉంది. ఆస్పిరిన్, స్టాటిన్ (కొలెస్ట్రాల్ మాత్ర), పాంటోప్రజోల్ (గ్యాస్ మాత్ర) పేపర్ల కథ కూడా ఇంతేనా?

సిల్క్‌బోర్డు_సర్వైవర్
మందును కాదు, గడియారాన్ని అనుమానించు.

ఒక లెక్క చెప్తా, కాగితం తీసుకో. 1,000 మందికి క్యాన్సర్ అని తేలింది. మన మాత్ర ఉత్త మైదాపిండి, దానికి ఏ గుణమూ లేదు. మొదటి ఏడాది 200 మంది పోయారు. మిగిలిన 800లో సగం, అంటే 400 మంది, సరిగ్గా 12వ నెలలో మైదా మాత్ర మొదలుపెట్టారు. రెండో ఏడాది వాడేవాళ్లు 400లో 80, వాడనివాళ్లు 400లో 80 పోయారు. రెండు వైపులా 20%. తేడా లేదు, ఉండకూడదు కూడా.

ఇప్పుడు పేపరు రాసేవాడు వచ్చి రెండు గుంపులు కడతాడు. "ఎప్పుడైనా వాడినవాళ్లు": 400 మంది, 80 మరణాలు, 20%. "ఎప్పుడూ వాడనివాళ్లు": 600 మంది, 280 మరణాలు, దాదాపు 47%. మైదాపిండి చావుల్ని సగానికి పైగా తగ్గించేసింది!

ఆ 400 మంది "వాడినవాళ్లు" అనిపించుకోవాలంటే ముందు ఏడాది పాటు బతికి ఉండాలి. 400 ఇంటూ 12, అంటే 4,800 మనిషి-నెలలు. ఆ కాలంలో ఎవరైనా చనిపోతే వాళ్లు మాత్ర దాకా రాలేదు కాబట్టి రెండో గుంపు ఖాతాలో పడతారు. దీన్నే ఇమ్మోర్టల్ టైమ్ బయాస్ అంటారు. మెట్‌ఫార్మిన్ పేపర్లలో ఇదీ, దీని చుట్టాలూ ఎలా దూరాయో సూయిసా, అజూలే 2012లో డయాబెటిస్ కేర్ పత్రికలో విప్పి చూపించారు. నీ ప్రశ్నకు జవాబు కూడా ఇందులోనే ఉంది. ఈ తప్పు ఎప్పుడూ మందు వైపే మొగ్గుతుంది, అటూ ఇటూ ఊగదు.

గుట్టహళ్లి_గుమస్తా
బెంగళూరులో సిల్క్ బోర్డు ట్రాఫిక్ దాటాక బొమ్మనహళ్లిలో టీ తాగినవాళ్లలో ఎక్కువమంది టైముకు ఎలక్ట్రానిక్ సిటీ చేరారు. కాబట్టి టీ తాగితే ట్రాఫిక్ తగ్గుతుంది. అంతేగా?

సిల్క్‌బోర్డు_సర్వైవర్
అంతే గురూ. నేను అంత పొడుగు రాసింది దండగ.

దోసె_డేటా
మరి డేటాసెట్‌లో దీన్ని సరిచేసేదెలా? డయాగ్నసిస్ తేదీ, మొదటి ప్రిస్క్రిప్షన్ తేదీ, చివరి ఫాలో-అప్ తేదీ, మూడూ ఉన్నాయనుకో.

సిల్క్‌బోర్డు_సర్వైవర్
రెండు దారులు.

ఒకటి, ఒక్కో మనిషికి ఒక్క వరస కాకుండా రెండు వరసలు. మొదటి వరస: స్టార్ట్ 0, స్టాప్ 12, మందు 0, ఈవెంట్ (మరణం) 0. రెండోది: స్టార్ట్ 12, స్టాప్ 24, మందు 1, ఈవెంట్ ఏదైతే అది. మందు మొదలుపెట్టక ముందు కాలం వాడనివాళ్ల ఖాతాకే పోతుంది. కాక్స్ మోడల్‌కు (కాలాన్ని బట్టి ప్రమాదాన్ని పోల్చే లెక్క) ఇలా ఇస్తే చాలు.

రెండోది ల్యాండ్‌మార్క్. 12వ నెల దగ్గర గీత గీసి, అప్పటికి బతికి ఉన్నవాళ్లనే తీసుకుని, ఆ రోజుకు ఎవరు వాడుతున్నారో దాన్ని బట్టి విడదీయడం. సులువే గానీ మొదటి ఏడాది మరణాలన్నీ పోతాయి. ప్యాంక్రియాస్ క్యాన్సర్ లాంటి దాంట్లో ఏడాది గీత పెడితే డేటాలో మిగిలేది ఎవరు?

తరచూ జరిగే పొరపాటు ఇంకోటి: వరసలు విడగొట్టాక ఒకే మనిషి ఐడీ రెండుసార్లు ఉందని డూప్లికేట్‌గా తీసేయడం. క్లీనింగ్ స్టెప్పులో "నోడూప్‌కీ" (డూప్లికేట్ వరసల్ని తీసేసే ఆప్షన్) పెట్టే అలవాటు ఉన్నవాళ్లంతా ఒక్కసారి చూసుకోండి.

కోవేరియేట్_కుమారి
ఇమ్మోర్టల్ టైమ్ ఒక్కటే దోషి కాదు అన్నా. మెట్‌ఫార్మిన్ వాడేవాళ్లను ఎవరితో పోల్చారన్నది ఇంకా పెద్ద గొడవ. చాలా పేపర్లలో ఇన్సులిన్ వాడేవాళ్లతో పోల్చారు. మెట్‌ఫార్మిన్ షుగరు కొత్తలో ఇచ్చే మాత్ర, ఇన్సులిన్ చాలామందికి ఏళ్లు గడిచాక, కిడ్నీ గుండె దెబ్బతిన్నాక వచ్చేది. కొత్త కాపురాన్ని పాత కాపురంతో పోల్చి, కొత్తదాంట్లో గొడవలు తక్కువ కాబట్టి దాన్ని కుదిర్చిన పెళ్లిళ్ల పేరయ్య గొప్పోడన్నట్టు.

సరైన పద్ధతి: ముందు మనసులో ఒక ట్రయల్ రాసుకోవాలి. ఎవరు అర్హులు, ఏ రోజు నుంచి లెక్క, ఏ రెండు మందుల మధ్య పోటీ. అర్హత, మందు మొదలు, ఫాలో-అప్ మొదలు, మూడూ ఒకే రోజున పడాలి. 2019లో నేచర్ మెడిసిన్‌లో స్టాటిన్ల మీద అదే చేశారు. బ్రిటన్ రికార్డుల్లోంచి 7,33,804 మంది. ఈ పద్ధతిలో చేస్తే స్టాటిన్లకూ క్యాన్సర్ రావడానికీ సంబంధం కనబడలేదు. పాత పద్ధతుల తప్పుల్ని అదే డేటాలో కావాలని చేస్తే మందు గొప్పగా కనబడింది.

అనంతపురం_అప్ప
ఉల్టా కూడా ఉంటుందప్పా. రోగం ముదిరితే మనిషి చిక్కిపోతాడు, బీపీ దిగుతుంది, తిండి సయించదు. అప్పుడు డాక్టరే స్టాటిన్ ఆపేస్తాడు, బీపీ మాత్ర తగ్గిస్తాడు. పేపర్లో ఏమొస్తుంది? "స్టాటిన్ ఆపినవాళ్లు తొందరగా పోయారు." చావు దగ్గరపడి ఆపినారు, ఆపినందుకు చావు రాలేదు.

గ్యాస్ మాత్రది ఇంకో తమాషా. కడుపులో క్యాన్సర్ ఉన్నోడికి మొదట వచ్చేది మంట, అజీర్తి. దానికి ముందు ఇచ్చేది పాంటోప్రజోల్. ఆర్నెల్లకు ఎండోస్కోపీ చేస్తే అసలు సంగతి బయటపడుతుంది. "పాంటోప్రజోల్ వాడితే కడుపు క్యాన్సర్" అని హెడ్డింగు రెడీ. క్యాన్సర్ తేలడానికి ముందు, కనీసం ఆ చివరి ఏడాదిలో వాడిన మందును లెక్కలోంచి తీసేసి మళ్లీ చూడాల. అట్లా చూపించని పేపరైతే నేను అబ్‌స్ట్రాక్ట్ దాటను.

పెట్రీడిష్
అసలు ఈ ఆశంతా ఎక్కడ పుట్టిందో ల్యాబ్ వైపు నుంచి చెప్తా. కణాల మీద మెట్‌ఫార్మిన్ పోసి "క్యాన్సర్ కణాలు చచ్చాయి" అన్న పేపర్లలో మెథడ్స్ సెక్షన్ తెరిచి మోతాదు చూడండి. 5 మిల్లీమోలార్, 10 మిల్లీమోలార్, కొన్నిట్లో 20. మాత్ర వేసుకున్న మనిషి రక్తంలో ఉండేది 10 నుంచి 40 మైక్రోమోలార్ (వెయ్యి మైక్రోలు ఒక మిల్లీ). అంటే డిష్‌లో పోసింది వందల రెట్లు, ఒక్కోసారి వెయ్యి రెట్లు ఎక్కువ. అంత పోస్తే ఉప్పు కూడా కణాల్ని చంపుతుంది.

పైగా కల్చర్ మీడియంలో గ్లూకోజ్ సాధారణంగా 25 మిల్లీమోలార్ ఉంటుంది, మామూలు మనిషి పరగడుపు రక్తంలో 5 చిల్లర. అక్కడ పెరిగే కణాలు ఎప్పుడూ పెళ్లి భోజనంలోనే ఉన్నట్టు లెక్క.

మారతహళ్లి_మెడికల్స్
మీరంతా "ఈ మందు క్యాన్సర్‌ని తగ్గిస్తుందా" అని కొట్టుకుంటున్నారు. కౌంటర్ ఇవతల నుంచి చూస్తే అసలు ప్రశ్న వేరు. రోజూ మింగే మాత్ర క్యాన్సర్ మందును పనిచేయనిస్తోందా లేదా? దీనికి ఇరవై ఏళ్ల ఫాలో-అప్ అక్కర్లేదు, రక్తంలో కొలిచి చూశారు.

ఊపిరితిత్తుల క్యాన్సర్ మాత్ర ఎర్లోటినిబ్ చూడండి. కడుపులో ఆమ్లం ఉంటేనే కరుగుతుంది. ఒమెప్రజోల్‌తో కలిపి ఇస్తే రక్తంలోకి చేరే మొత్తం 46% పడిపోయింది. సగం మందు డ్రైనేజీ పాలు. గెఫిటినిబ్‌ది కూడా అదే జాతి. గ్యాస్ మాత్ర తప్పదంటే దానికీ గెఫిటినిబ్‌కీ 12 గంటల ఎడం. ఫామోటిడిన్ లాంటివి, జెలూసిల్ లాంటి యాంటాసిడ్లు అయితే అటూ ఇటూ 6 గంటలు. డాసటినిబ్‌కి పీపీఐలూ (పాంటోప్రజోల్, ఒమెప్రజోల్ జాతి) వద్దు, ఫామోటిడిన్ జాతీ వద్దు, యాంటాసిడ్ అయితే 2 గంటల ఎడంలో సరిపోతుంది. ఒసిమెర్టినిబ్‌కి మాత్రం ఈ బాధ లేదు.

చిక్కెక్కడంటే మనవాళ్లు గ్యాస్ మాత్రను మందు కింద లెక్కేయరు. "ఇంకేం మందులు వాడుతున్నారు?" అంటే "ఏమీ లేవండీ, బీపీది ఒకటే" అంటారు. పాన్-డి మూడేళ్లుగా నడుస్తుంటుంది. మోకాలి నొప్పికి రాసినప్పుడు పక్కన రాసింది, నొప్పి మాత్ర ఆగిపోయింది, ఇది ఆగలేదు.

వార్డు_నంబర్_మూడు
సరిగ్గా చెప్పారు. దానికి తోడు స్ట్రిప్ కత్తిరించి ఇస్తారు చూడండి, పది మాత్రల్లో నాలుగు. పేరు ఉన్న ముక్క షాపులోనే మిగిలిపోతుంది, ఎక్స్‌పైరీ ఉన్న ముక్క ఇంకొకళ్లకు పోతుంది. పేషెంటు చేతిలో ఉండేది వెండి రేకు. మదనపల్లె నుంచో హిందూపురం నుంచో వచ్చినవాళ్లు ప్లాస్టిక్ కవరు బల్ల మీద బోర్లిస్తే అందులో సగం ఇలాంటివే. రంగు చూసి ఊహించడం తప్ప దారి ఉండదు. పసుపు రంగు మాత్రలు ఎన్ని రకాలున్నాయో మీకు చెప్పక్కర్లేదు.

మారతహళ్లి_మెడికల్స్
అందుకే కత్తిరించేటప్పుడు పేరున్న వైపు కస్టమరుకే ఇవ్వాలి. లేదంటే కవరు మీద పేరు, ఎంజీ రాయాలి. పది సెకండ్ల పని.

దోసె_డేటా
ఆగండి. అంటే గ్యాస్ మాత్ర వాడేవాళ్లలో ఫలితాలు బాగోలేదన్న పేపర్లు నిజమేనన్నమాట? కేపెసిటబిన్ అనే కీమో మాత్ర మీద కూడా చదివాను.

కోవేరియేట్_కుమారి
ఎర్లోటినిబ్ కథ వేరు, కేపెసిటబిన్ కథ వేరు. కలిపేయకండి.

కేపెసిటబిన్ మీద 2017లో జామా ఆంకాలజీలో వచ్చింది: కడుపు, అన్నవాహిక క్యాన్సర్ ట్రయల్ డేటాను తిరగేస్తే, కేపెసిటబిన్, ఆక్సాలిప్లాటిన్ మాత్రమే తీసుకున్న గుంపులో పీపీఐ వాడినవాళ్లకు రోగం ముదరకుండా ఉన్న కాలం 4.2 నెలలు, వాడనివాళ్లకు 5.7. కానీ అది ట్రయల్ అయినా పీపీఐని లాటరీ వేసి ఇవ్వలేదు కదా. కడుపు ఎక్కువ పాడైనవాళ్లే పీపీఐ వాడతారు. పైగా తర్వాత రక్తంలో కొలిచి చూసిన అధ్యయనంలో ఎసోమెప్రజోల్ ఇచ్చినా కేపెసిటబిన్ తగ్గలేదు. ఎర్లోటినిబ్‌కి యంత్రాంగం, కొలత రెండూ ఉన్నాయి. దీనికి అనుమానం ఒక్కటే ఉంది.

మారతహళ్లి_మెడికల్స్
అనుమానమే అయినా, అక్కర్లేని పాన్-డి ఆపించడానికి నాకు ఆ అనుమానం చాలు మేడమ్. ఆపితే పోయేదేముంది?

కోవేరియేట్_కుమారి
అక్కర్లేనిదైతే ఆపించండి, ఎవరు కాదన్నారు. రక్తం పలచబడే మందు, స్టెరాయిడ్ కలిపి వాడేవాళ్లకు మాత్రం అది కడుపులో రక్తస్రావం ఆపే మాత్ర. "పేపర్లో చూశాం" అని సొంతంగా ఆపేస్తే మొదటి నెలలోనే నల్లటి విరేచనాలతో వస్తారు. రాసిన డాక్టరే తీయాలి.

వార్డు_నంబర్_మూడు
కేపెసిటబిన్‌తో నిజంగా చూసుకోవాల్సినవి వేరే ఉన్నాయి. ఫోలిక్ యాసిడ్ ఉన్న మల్టీవిటమిన్ ఒకటి. "నీరసంగా ఉన్నారు" అని ఇంట్లోవాళ్లు తెచ్చి వేస్తారు, విరేచనాలు, నోటిపూత, అరచేతులు అరికాళ్లు మంట పెరుగుతాయి. ఫోలేట్ ఆ మందు విషాన్ని పెంచుతుంది. రెండోది రక్తం పలచబడే వార్ఫరిన్, అసిట్రోమ్. ఐఎన్‌ఆర్ (రక్తం ఎంత పలచబడిందో చెప్పే కొలత) ఉన్నట్టుండి పైకి పోతుంది, కొన్నిసార్లు మందు ఆపిన నెల దాకా కూడా. మూడోది ఫిట్స్‌కి వాడే ఫెనిటాయిన్, దాని లెవెల్ పెరిగి తూలుతారు. అది చూసి ఇంట్లోవాళ్లు కీమో నీరసం అనుకుంటారు. ఇక కేపెసిటబిన్ మాత్రను భోజనం చేసిన అరగంటలోపు వేసుకోవాలి. ఖాళీ కడుపున కాదు.

అనంతపురం_అప్ప
అంతా పీపీఐ మీదే పడ్డారు. ఇమ్యునోథెరపీకి (ఒంటి రోగనిరోధక శక్తితోనే క్యాన్సర్‌ని కొట్టించే చికిత్స) ముందు స్టెరాయిడ్ కథ చూస్తే కుమారి చెప్పింది ఇంకా బాగా అర్థమైతాది. 2018లో ఒక పేపరు: రోజుకు 10 ఎంజీ, అంతకన్నా ఎక్కువ ప్రెడ్నిసొలోన్ మీద ఉండి ఇమ్యునోథెరపీ మొదలుపెట్టిన ఊపిరితిత్తుల క్యాన్సర్ పేషెంట్లు తొందరగా పోయినారు. అందరూ "స్టెరాయిడ్ ఇమ్యూనిటీని తొక్కేస్తుంది, ఇంకేముంది" అనేశారు. వినడానికి ఎంత సబబుగా ఉందో చూడండి.

2019లో ఇంకొకరు 650 మందిని తీసుకుని ఒకే ఒక ప్రశ్న వేసినారు: స్టెరాయిడ్ ఎందుకు ఇచ్చినారు? మెదడులో గడ్డలు, ఆయాసం, ఆకలి లేకపోవడం లాంటి క్యాన్సర్ బాధలకు ఇచ్చినవాళ్లు సగటున 2.2 నెలలు బతికినారు. ఉబ్బసం, కీళ్లవాతం లాంటి వేరే కారణాలకు ఇచ్చినవాళ్లు 10.7 నెలలు. స్టెరాయిడ్ లేనివాళ్లు, ఉన్నా 10 ఎంజీ లోపే ఉన్నవాళ్లు 11.2 నెలలు. మొదటి రెండు గుంపుల్లోనూ స్టెరాయిడ్ 10 ఎంజీ, అంతకన్నా ఎక్కువే.

సిల్క్‌బోర్డు_సర్వైవర్
చిన్న సవరణ అప్పా, అది సగటు కాదు, మీడియన్ (వరసలో సరిగ్గా మధ్యలో ఉన్న అంకె). ఇంకో సంగతి, ఆ వేరే కారణాల గుంపులో ఉన్నది 27 మందే. కథ నచ్చిందని ఆ 10.7ను రాతి మీద చెక్కొద్దు.

అనంతపురం_అప్ప
మీడియనే. దిద్దుకున్నా. 27 మందే అన్నది కూడా కరెక్టే, కానీ 2.2కీ 10.7కీ మధ్య అంత అగాధం ఉన్నప్పుడు దిశ గురించి నాకు అనుమానం లేదు.

పెట్రీడిష్
యాంటీబయాటిక్స్ మాత్రం ఈ లెక్కలో వేయొద్దు. ఇమ్యునోథెరపీ మొదలుపెట్టే ముందు నెలలో యాంటీబయాటిక్ వాడితే ఫలితం తగ్గుతుందన్నదానికి ఎలుకల్లో పేగు బాక్టీరియా మార్చి చూపించిన ప్రయోగాలు ఉన్నాయి. యంత్రాంగం ఉంది.

కోవేరియేట్_కుమారి
ఎలుకకు న్యుమోనియా లేదు, మనిషికి ఉంది. న్యుమోనియా వచ్చినవాడు ముందే బలహీనుడు. రెండూ నిజం కావచ్చు. జలుబుకి అజిత్రోమైసిన్ వేసుకోకుండా ఉండటానికి ఇంత సైన్సు అక్కర్లేదు లెండి.

ఫిల్టర్‌కాఫీ_ఫేజ్3
అన్నీ విదేశీ పేపర్లేనా? లాటరీ వేసి, మామూలు మందుతో, మన దేశంలో చేసి గెలిచినది ఒకటుంది: లిగ్నోకైన్. పళ్ల డాక్టరు చిగుళ్లకు వేసే మత్తు మందు. టాటా మెమోరియల్ నాయకత్వంలో 11 ఆసుపత్రుల్లో దాదాపు 1,600 మంది రొమ్ము క్యాన్సర్ పేషెంట్లు. కోత పెట్టే 7 నుంచి 10 నిమిషాల ముందు గడ్డ చుట్టూ 0.5% లిగ్నోకైన్ ఇంజెక్షన్. 2023లో జేసీఓ పత్రికలో వచ్చింది. అయిదేళ్లకు రోగం తిరగబడకుండా ఉన్నవాళ్లు 86.6%, ఇంజెక్షన్ లేనివాళ్లలో 82.6%. బతికి ఉన్నవాళ్లు 90.1%, 86.4%.

మోతాదు లెక్క: కిలోకు 4.5 ఎంజీ మించకూడదు, మొత్తం 60 ఎంఎల్ దాటకూడదు. 0.5% అంటే ఎంఎల్‌కి 5 ఎంజీ. 50 కిలోల మనిషికి 225 ఎంజీ, అంటే 45 ఎంఎల్. థియేటర్లో ఉండేది 2% వయల్, ఎంఎల్‌కి 20 ఎంజీ. ఒక పాలు మందు, మూడు పాళ్లు సెలైన్. 45 ఎంఎల్‌కి వయల్లోంచి 11 ఎంఎల్ చిల్లర. పలచన చేయడం మర్చిపోయి 2% అలాగే 45 ఎంఎల్ ఎక్కిస్తే 900 ఎంజీ, నాలుగు రెట్లు. ఫిట్స్, గుండె లయ తప్పడం. సిరంజి మీద లేబుల్ రాయకపోతే జరిగేది అదే. గడ్డ చుట్టూ ఆరు వైపులా పడాలి, గడ్డలోకి గుచ్చకూడదు.

సిల్క్‌బోర్డు_సర్వైవర్
ఫలితం బాగుంది. కానీ రెండో గుంపుకి సెలైన్ ఇంజెక్షన్ కూడా ఇవ్వలేదు. సర్జన్‌కి ఎవరికి ఇచ్చారో తెలుసు. లిగ్నోకైన్ పనిచేసిందా, చుట్టూ నీళ్లు ఎక్కి కణజాలం విడివడటం పనిచేసిందా?

ఫిల్టర్‌కాఫీ_ఫేజ్3
చావు బతుకుల్ని లెక్కపెట్టేటప్పుడు సర్జన్‌కి తెలిస్తే ఏమవుతుంది అన్నా? నొప్పి స్కోరు కాదు కదా అటూ ఇటూ జరగడానికి.

సిల్క్‌బోర్డు_సర్వైవర్
లెక్కపెట్టడంలో కాదు, కత్తి పట్టడంలో మారొచ్చు అంటున్నా. సెలైన్ గుంపు ఉంటే ఈ వాదనే ఉండేది కాదు. వాడొద్దని అనట్లేదు. ఖర్చు వందల్లో కూడా లేదు.

పెట్రీడిష్
ఆ ట్రయల్లో ముందు కీమో ఇచ్చి తర్వాత ఆపరేషన్ చేసినవాళ్లు లేరని గుర్తుంచుకోండి. నేరుగా ఆపరేషన్‌కి వెళ్లినవాళ్లే. మిగతావాళ్లకు సాగదీయొద్దు.

వార్డు_నంబర్_మూడు
మనదే ఇంకోటి: తల, మెడ క్యాన్సర్‌లో సెలెకాక్సిబ్ 200 ఎంజీ రోజుకు రెండుసార్లు, మెథోట్రెక్సేట్ ఒంటి వైశాల్యంలో చదరపు మీటరుకు 15 ఎంజీ వారానికి ఒక్కసారి. 422 మందిలో నరంలోకి ఎక్కించే సిస్‌ప్లాటిన్‌తో పోల్చారు, 2020లో లాన్సెట్ గ్లోబల్ హెల్త్. మీడియన్ 7.5 నెలలు, సిస్‌ప్లాటిన్‌కి 6.1. రోగం బాగా ముదిరినవాళ్లు కాబట్టి ఆ తేడా చిన్నదనకండి. సెలైన్ ఎక్కించే పడక కూడా అక్కర్లేదు.

ఇందులో ప్రాణం మీదికొచ్చేది ఒకటుంది. "వారానికి" అన్నది "రోజూ" అయిపోవడం. 1.6 చదరపు మీటర్ల మనిషికి 24 ఎంజీ. అది రోజూ వేసుకుంటే వారం తిరక్కుండా నోరంతా పుండ్లు, తెల్లకణాలు కింద పడిపోతాయి. చీటీ మీద "వారానికోసారి" అని రాస్తే చాలదు. "ప్రతి ఆదివారం మాత్రమే" అని వారం పేరు రాయాలి, ఒక వారానివి మాత్రమే ఒక కవర్లో పెట్టాలి. మూత్రంలో మంటకని ఎవరైనా సెప్ట్రాన్ ఇస్తే ఇంకా ప్రమాదం. రెండూ కలిస్తే మూలుగ మూలబడుతుంది. ఏమైనా తేడా అనిపిస్తే అడగాల్సిన విరుగుడు ల్యూకోవోరిన్, మామూలు ఫోలిక్ యాసిడ్ కాదు.

గుట్టహళ్లి_గుమస్తా
వారం పేరు రాయమన్నారు, బాగుంది. నాకు ఏ రోజు ఆదివారమో తెలిసేది అపార్ట్‌మెంట్ గ్రూపులో నీళ్ల ట్యాంకర్ గొడవను బట్టే.

దోసె_డేటా
ఆస్పిరిన్ మీద ఎవరూ మాట్లాడలేదు.

ఫిల్టర్‌కాఫీ_ఫేజ్3
ఆస్పిరిన్ ఒక్క మందు కాదు, నాలుగు కథలు.

రొమ్ము క్యాన్సర్‌లో ఏబీసీ ట్రయల్: 3,020 మంది, 300 ఎంజీ. లాభం లేదని మధ్యలోనే ఆపేశారు, గీత కాస్త తప్పు వైపే ఉంది. 70 దాటిన ఆరోగ్యవంతుల్లో ఆస్ప్రీ ట్రయల్: 19,114 మంది, 100 ఎంజీ, క్యాన్సర్ మరణాలు ఆస్పిరిన్ వైపే ఎక్కువ, 3.1% కి 2.3%. లించ్ సిండ్రోమ్ అనే వంశపారంపర్య జబ్బులో 600 ఎంజీ పేగు క్యాన్సర్‌ని తగ్గించింది. ఇక 2025లో ఎన్‌ఈజేఎమ్ పత్రికలో వచ్చిన అలాస్కా (ALASCCA, ఊరి పేరు కాదు) ట్రయల్: పేగు క్యాన్సర్ ఆపరేషన్ తర్వాత, పీఐకే3సీఏ జన్యువులో మార్పు ఉన్నవాళ్లకు 160 ఎంజీ మూడేళ్లు. మూడేళ్లలో తిరగబడింది 7.7%, ఉత్తుత్తి మాత్ర గుంపులో 14.1%. పీఐ3కే దారిలోని ఇతర మార్పులు ఉన్నవాళ్లలో కూడా దాదాపు అదే తేడా. అలాంటి మార్పు ఉండేది వందలో 37 మందికి. తీవ్రమైన దుష్ఫలితాలు 16.8% కి 11.6%, అది కూడా చూడాలి.

కోవేరియేట్_కుమారి
ఇదే నాకు అన్నిటికంటే నచ్చిన పాఠం. అందరికీ పంచితే సున్నా వచ్చే మందు, సరైన మూడో వంతుని ఏరితే సగానికి సగం తగ్గించింది. దోసె_డేటా, నీ మెట్‌ఫార్మిన్ ట్రయల్లో కూడా హెర్2 అనే ప్రోటీన్ ఎక్కువ ఉన్న చిన్న గుంపులో ఏదో మెరిసింది. కానీ అది ట్రయల్ ప్రధాన ప్రశ్న కాదు, పక్కన చేసిన అన్వేషణ. అలాస్కాలో జన్యువు చూసి ఆ తర్వాతే లాటరీ వేశారు. తేడా అక్కడుంది.

మారతహళ్లి_మెడికల్స్
160 ఎంజీ మన దగ్గర ఎక్కడ దొరుకుతుంది? ఎకోస్ప్రిన్ 75, 150. జన్యు పరీక్ష చేయించకుండానే "150 ఇచ్చేయండి" అని అడగడం మొదలైంది. పరీక్ష రిపోర్టులో పీఐకే3సీఏ అన్న లైను ఉందో లేదో ముందు చూడమనండి. చాలా పేగు క్యాన్సర్ రిపోర్టుల్లో కేరాస్, ఎన్‌రాస్, బీరాఫ్ అన్న జన్యువులు మాత్రమే ఉంటాయి.

అనంతపురం_అప్ప
వాట్సాప్‌లో కుక్కల నులిపురుగు మందు తిరుగుతోంది, ఫెన్‌బెండజోల్. దాని మీద ఏమంటారు?

పెట్రీడిష్
డిష్‌లో కణాలు చస్తాయి. పైన నేను రాసిన మిల్లీమోలార్ ముచ్చట మళ్లీ చదువు. మనుషుల్లో లివర్ దెబ్బతిన్న కేసులు మాత్రం అచ్చయ్యాయి.

వార్డు_నంబర్_మూడు
రొమ్ము క్యాన్సర్ మాత్ర టామోక్సిఫెన్ గురించి ఒక్క మాట, ఇది చాలామంది ఆడవాళ్లకు పనికొస్తుంది. ఒళ్లంతా సెగలు వస్తున్నాయనో దిగులనో పారోక్సెటిన్, ఫ్లూఓక్సెటిన్ ఇస్తారు. టామోక్సిఫెన్‌ని అసలు పనిచేసే ఎండోక్సిఫెన్‌గా మార్చే ఎంజైమును అవి మూసేస్తాయి. 2010లో కెనడా పేపర్లో పారోక్సెటిన్‌తో కలిసి నడిచిన కాలం పెరిగేకొద్దీ రొమ్ము క్యాన్సర్ మరణాలు పెరిగాయి.

కోవేరియేట్_కుమారి
2016లో 16,887 మందిలో చూస్తే రొమ్ము క్యాన్సర్ మళ్లీ రావడంలో తేడా రాలేదు అక్కా.

వార్డు_నంబర్_మూడు
తెలుసు. కానీ పక్కనే వెన్లాఫాక్సిన్ ఉంది, ఆ ఎంజైమును పెద్దగా ముట్టుకోదు, సెగలకూ పనిచేస్తుంది. ఆ వాదన తేలేదాకా ఎందుకు ఆగడం?

ఫిల్టర్‌కాఫీ_ఫేజ్3
ఎర్లోటినిబ్ మీద ఒక ముచ్చట మిగిలిపోయింది. పీపీఐ తప్పనివాళ్లకు 250 ఎంఎల్ కోకాకోలాతో ఎర్లోటినిబ్ వేయించి చూశారు, 2016, జేసీఓ. ఎసోమెప్రజోల్ మీద ఉన్నవాళ్లలో రక్తంలోకి చేరింది 39% పెరిగింది. కోలా ఆమ్లం కాసేపు కడుపులో పని చేసింది.

గుట్టహళ్లి_గుమస్తా
డైట్ కోక్ పనికొస్తుందా? షుగరు మాత్ర దగ్గరే కదా మొదలుపెట్టాం.

ఫిల్టర్‌కాఫీ_ఫేజ్3
పరీక్షించింది మామూలు కోకే. బీడీ, సిగరెట్ మానడం ఇంతకన్నా ముఖ్యం. పొగతాగేవాళ్లలో ఎర్లోటినిబ్ రక్తంలో సగానికి సగం పడిపోతుంది.

దోసె_డేటా
మారతహళ్లి సార్, ఒక లెక్క కుదరట్లేదు. గెఫిటినిబ్‌కీ పాంటోప్రజోల్‌కీ 12 గంటల ఎడం అన్నారు. పాంటోప్రజోల్ పొద్దునా రాత్రీ రాసి ఉంటే, రోజులో ఏ గంటకు వేసినా 12 గంటలు దొరకదు కదా?

మారతహళ్లి_మెడికల్స్
దొరకదు. రెండు పూటలా ఉన్నంతవరకు ఆ నియమం కాగితం మీదే. ఒక పూటకు తగ్గించొచ్చేమో రాసిన డాక్టర్ని అడగాలి. అప్పుడు పొద్దున 7కి పాంటోప్రజోల్, రాత్రి 7కి గెఫిటినిబ్. ఒక పూట చాలదంటే ఫామోటిడిన్‌కి మార్చడం కుదురుతుందా అని అడగాలి. పొద్దున 8కి, రాత్రి 8కి ఫామోటిడిన్, మధ్యాహ్నం 2కి గెఫిటినిబ్. అటు ఆరు, ఇటు ఆరు. భోజనంతో సంబంధం లేదు, ఫోన్లో 2 గంటలకు అలారం పెట్టమనండి.

వార్డు_నంబర్_మూడు
జెలూసిల్ సీసా ఇంట్లో ఉంటే అది కూడా ఆ 8 గంటలకే. మధ్యాహ్నం భోజనం అయ్యాక రెండు మూతలు తాగే అలవాటు ఉంటే 2 గంటల మాత్ర మీద నేరుగా పడుతుంది.